రొట్టె ఒకటే, పైన వేసేది వేరు



సాయంత్రం పూట బళ్లారి బజారులో బండి దగ్గర నిలబడి మిరపకాయ బజ్జీ అడగండి. పక్కన ఒగ్గరణె వేసి ఇస్తారు. అక్కణ్ణుంచి గుంతకల్లు వచ్చి అదే అడగండి. అవే బొరుగులు, అదే తాలింపు, అదే బజ్జీ. కాని ఇక్కడ దాని పేరు ఉగ్గాని. ఇంకా తూర్పుకు, విజయవాడ దాకా పోయారనుకోండి, బొరుగులు మాయమవుతాయి. బజ్జీని నడిమికి చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి చేతిలో పెడతారు. షోలాపూర్‌లో మన నేత కుటుంబాల పిల్లలు వడా పావ్ కొనుక్కుంటే, అందులో ఎండు వెల్లుల్లి కారం చల్లి, వేయించిన పచ్చిమిరపకాయ ఒకటి తోడు ఇస్తారు. ఏది సరైన పద్ధతి అని అడిగితే నాలుగు ఊళ్లవాళ్లూ నాలుగు జవాబులు చెబుతారు. పైగా మిగతా మూడు ఊళ్లవాళ్లనూ చూసి నవ్వుతారు.

మా ఇల్లు బళ్లారి. మా మేనత్తను కర్నూలు ఇచ్చారు. ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడల్లా చారు ఒక గుక్క తాగి, "ఒరే, ఇందులో బెల్లం ఎవరు వేయమన్నార్రా? మీరు తెలుగువాళ్లేనా?" అనేది. మా అమ్మ నవ్వి ఊరుకునేది. కాని నాకు చిన్నతనంలో ఆ మాట గుచ్చుకునేది. చారులో చిటికెడు బెల్లం పడితే మనిషి తెలుగుతనం తగ్గిపోతుందా?

ఆ ప్రశ్న పట్టుకునే ఇవాళ్టి ప్రసంగం. అయితే మన చారు గురించి కాదు. సముద్రాల అవతల, అమెరికాలో, హాట్ డాగ్ అనే చిరుతిండి మీద ఏం వేసుకోవాలన్న విషయమై నూరేళ్లకు పైగా నడుస్తున్న తగాదా గురించి.

హాట్ డాగ్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మాంసాన్ని మెత్తగా నూరి, మసాలా కలిపి, సన్నని తొడుగులో కూరి, పొగబెట్టో ఉడికించో తయారుచేసిన పొడుగాటి వత్తి ఒకటుంటుంది. దాన్ని సాసేజ్ అంటారు. దాన్ని అంతే పొడుగున్న మెత్తని బన్నులో పెట్టి ఇస్తే హాట్ డాగ్. ఇందులో పంది మాంసమో గొడ్డు మాంసమో ఉంటుంది. మనలో చాలామందికి అది పనికిరాదు. నేనూ తినను. తినని పదార్థం గురించి ఈయనకెందుకు అంటారేమో. నిజానికి నా ఆసక్తి బన్ను మీదా కాదు, లోపలి మాంసం మీదా కాదు. ఆ రెండూ ఊరూరా ఇంచుమించు ఒకటే. పైన వేసేది మాత్రం ఊరికొకటి. దాన్ని అక్కడివాళ్లు టాపింగ్ అంటారు.

పేరు సంగతి కూడా చెప్పాలి. కుక్క మాంసమా అని అనుమానపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అనుమానం కొత్తది కాదు. ఈ సాసేజ్‌లలో ఏ మాంసం కలుపుతున్నారో అని 19వ శతాబ్దంలోనే అమెరికన్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆ వేళాకోళంలోంచే, 1890ల్లో, యేల్ విశ్వవిద్యాలయం విద్యార్థులూ పత్రికలవాళ్లూ హాట్ డాగ్ అన్న మాట వాడడం కనిపిస్తుంది. న్యూయార్కులో బంతాట చూడడానికి పోయిన ఒక వ్యంగ్య చిత్రకారుడు, డాక్స్‌హుండ్ అనే జర్మన్ కుక్కజాతి పేరు రాయడం చేతకాక, ఊరికే 'హాట్ డాగ్' అని బొమ్మ కింద రాశాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కాని, వెతికినవాళ్లకు ఆ బొమ్మ ఏ పత్రికలోనూ దొరకలేదు.

సాసేజ్‌ను అమెరికాకు తెచ్చింది జర్మన్లు. ఫ్రాంక్‌ఫర్ట్ ఊరిది ఫ్రాంక్‌ఫర్టర్, వియన్నా ఊరిది వీనర్. రెండూ ఊళ్ల పేర్లే. న్యూయార్కు నగరం అంచున సముద్రపు ఒడ్డున కోనీ ఐలండ్ అనే విహారస్థలం ఉంది. అక్కడ చార్లెస్ ఫెల్ట్‌మన్ అనే జర్మన్ వలసదారు 1860ల చివర్లో తోపుడుబండి మీద ఈ సాసేజ్‌లను బన్నులో పెట్టి అమ్మడం మొదలుపెట్టి, తర్వాత పెద్ద హోటలే కట్టాడు. ఆ హోటల్లో పనిచేసిన నేథన్ హాండ్‌వెర్కర్ అనే పోలండ్ యూదు యువకుడు 1916లో తన సొంత కొట్టు పెట్టాడు. యజమాని 10 సెంట్లకు అమ్మేదాన్ని తాను 5 సెంట్లకే అమ్మాడు. ఆ కొట్టు ఇవాళ్టికీ ఉంది. పెద్ద హోటలు లేదు.

ఆ తొలి రోజుల్లో పైన వేసింది రెండే. ఒకటి నూరిన ఆవాల ముద్ద. రెండోది సన్నగా తరిగి ఉప్పులో ఊరబెట్టి పులియనిచ్చిన క్యాబేజీ. దీన్ని జర్మన్లు సౌవర్‌క్రౌట్ అంటారు. ఈ రెండూ జర్మన్ ఇళ్లలో సాసేజ్‌తో మామూలుగా ఉండేవే. అంటే మొదట్లో వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఇంటి విస్తరినే చేతిలో పట్టేటట్టు మడిచి ఇచ్చారు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ శత్రుదేశమైంది. జర్మన్ మాట పలికితేనే జనం ముఖం చిట్లించారు. అప్పుడు ఆ పుల్లటి క్యాబేజీకి 'స్వేచ్ఛా క్యాబేజీ' అని పేరు మార్చి అమ్మారు. కూర మారలేదు, బోర్డు మారింది. బోర్డుల మీద పేర్లు మారడం అంటే ఏమిటో సరిహద్దు ఊళ్లవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ ఆవాల ముద్ద గురించి కాస్త నిలబడి మాట్లాడుకుందాం. ఇందులో మన వాటా ఉంది.

అమెరికాలో హాట్ డాగ్ మీద వేసే ఆవాల ముద్ద బంతిపువ్వులా పచ్చగా ఉంటుంది. 1904లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఫ్రెంచ్ అనే కంపెనీ దీన్ని జనానికి పరిచయం చేసింది. అంతకుముందు యూరపు తరహా ఆవాల ముద్ద ముదురు రంగులో, ముక్కు అదిరేటంత ఘాటుగా ఉండేది. దీని ఘాటు తగ్గించారు. రంగు పెంచారు. ఆ రంగు ఆవాలది కాదు, పసుపుది. మన పసుపే. దుగ్గిరాల, నిజామాబాదు, సాంగ్లీ, ఈరోడు మార్కెట్ యార్డుల్లో మీరు బస్తాలకు బస్తాలు చూసిన పసుపు. ప్రపంచంలో పసుపు ఎక్కువగా పండించేది మన దేశమే. అమెరికాలో పిల్లవాడు హాట్ డాగ్ బొమ్మ గీసి మీద పచ్చని వంకర గీత ఒకటి పెడతాడు. అది పసుపని ఆ పిల్లవాడికి తెలియదు, వాళ్ల నాన్నకూ తెలియకపోవచ్చు.

దీనికి ఎదురు ప్రయాణం చేసింది మిరపకాయ. అది అమెరికా ఖండం పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పడమటి తీరానికి తెచ్చేదాకా మన వంటలో కారం అంటే మిరియమే. మిరపకాయ అన్న మాటలో ఆ మిరియం ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇవాళ గుంటూరు కారం, బ్యాడగి రంగు లేని మన వంటను ఊహించండి చూద్దాం. టమాటా కూడా అక్కడిదే, బంగాళాదుంప కూడా అక్కడిదే. కనుక ఎవరి వంట అచ్చంగా ఎవరిది అని తేల్చబోయేవాళ్లు కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ మాట మా మేనత్త బతికున్న రోజుల్లో నాకు తోచలేదు. తోచినా ఆవిడ ముందు అనగలిగేవాణ్ణి కాదనుకోండి.

ఇప్పుడు షికాగోకు పోదాం. షికాగో అనగానే మనకు 1893 గుర్తుకొస్తుంది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించిన వివేకానందస్వామి, సెప్టెంబరులో షికాగో సర్వమత మహాసభలో మాట్లాడారు. ఆ మహాసభ జరిగింది కొలంబియన్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగానే. అదే ప్రదర్శనలో ఆస్ట్రియా-హంగరీ నుంచి వచ్చిన ఎమిల్ రైకల్, శామ్ లడానీ అనే ఇద్దరు యూదు యువకులు సాసేజ్‌లు అమ్మారు. వాటికి వియన్నా పేరు పెట్టారు. వాళ్ల మతంలో పంది మాంసం నిషేధం. అందుకని వాళ్ల సాసేజ్ పూర్తిగా గొడ్డు మాంసంతోనే ఉండేది. షికాగో హాట్ డాగ్ ఇవాళ్టికీ అంతే.

దాని మీద వేసేవి వినండి. ముందు బన్ను పైనంతా గసగసాలు. ఇది తూర్పు యూరపు యూదుల రొట్టె అలవాటు. లోపల పచ్చని ఆవాల ముద్ద. సన్నగా తరిగిన ఉల్లిపాయ. తీపి పులుపు కలిసిన దోసకాయ తొక్కు ఒకటి, దాని ఆకుపచ్చ రంగు చిలకను మించిపోతుంది. రెండు టమాటా ముక్కలు. ఉప్పునీళ్లలో ఊరిన కీరదోసకాయ నిలువు ముక్క. వెనిగర్లో ఊరిన చిన్న పచ్చిమిరపకాయలు రెండు. చివర సెలరీ గింజల పొడి కలిపిన ఉప్పు చిటికెడు. ఇన్ని వేశాక సాసేజ్ కనిపించదు. అందుకే దాన్ని తోటలో ఈడ్చుకొచ్చిన హాట్ డాగ్ అని ముద్దుగా అంటారు.

ఇంత తోట ఎందుకు పెరిగింది? 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో షికాగోలో పనులు పోయాయి. మాక్స్‌వెల్ వీధిలో వలస వచ్చినవాళ్ల సంత ఉండేది. యూదులు, గ్రీకులు, ఇటాలియన్లు పక్కపక్కన బండ్లు పెట్టుకునే చోటు. అక్కడ 5 సెంట్లకు హాట్ డాగ్ అమ్మేవాళ్లు, మాంసం పెంచలేరు గనక కూరగాయలు పెంచారు. దాన్ని మాంద్యం శాండ్‌విచ్ అనే పిలిచేవాళ్లు. 5 సెంట్లకు రొట్టె, మాంసం, కూర, ఊరగాయ అన్నీ వస్తే ఒక పూట గడిచినట్టే. కరువు రోజుల్లో పప్పులో నీళ్లు పెంచి, తోటకూర ఎక్కువ వేసి పదిమందికి సర్దిన ఇల్లాళ్లకు ఈ లెక్క తెలుసు. ఆ లేమి పోయింది. కాని లేమిలో పుట్టిన రుచి నిలిచింది. ఇప్పుడు అందులో ఒక్కటి తగ్గినా షికాగోవాళ్లు ఒప్పుకోరు.

ఆ దోసకాయ ఊరగాయ దగ్గర ఒక్క మాట. హోసూరు పక్క, కుప్పం పక్క, తుమకూరు పక్క నుంచి ఈ ప్రసంగం వింటున్న రైతులు గెర్కిన్ దోస పేరు వినే ఉంటారు. కొందరు పండించే ఉంటారు. 1990ల మొదట్లో కర్ణాటకలో కొద్దిగా మొదలై, తర్వాత తమిళనాడుకూ ఆంధ్రకూ పాకిన పంట. కంపెనీతో ఒప్పందం, రోజూ కోత, చిటికెన వేలంత కాయకు మంచి ధర. ఒక్కరోజు ఆలస్యమైతే కాయ లావెక్కుతుంది, ధర పడిపోతుంది. కోసిన కాయ ఉప్పునీళ్ల డ్రమ్ముల్లోనో సీసాల్లోనో ఓడ ఎక్కుతుంది. ఇలాంటి ఊరగాయ దోసను విదేశాలకు ఎగుమతి చేయడంలో ఇవాళ మన దేశానిదే మొదటి స్థానం. పండించిన ఊళ్లో దాన్ని ఎవరూ తినరు. పప్పులోకి రాదు, పచ్చడికి రాదు. "ఈ కాయల్ని వాళ్లేం చేసుకుంటారు?" అని ఒక రైతు నన్నడిగాడు. శాండ్‌విచ్‌లో పెట్టుకుంటారు, ఇదిగో ఇలాంటి రొట్టెల మీద వేసుకుంటారు అని చెప్పాను. "ఇంత కష్టపడి పండించింది రొట్టె మీదకా!" అన్నాడు.

షికాగోవాళ్లు ఇన్ని వేస్తారు, ఒక్కటి మాత్రం వేయరు. టమాటా కెచప్. వేయరంటే మామూలుగా వేయకపోవడం కాదు. అడిగితే చిన్నచూపు చూస్తారు. ఆ నగరం శివారులో 1946 నుంచి నడుస్తున్న పేరుమోసిన కొట్టు ఒకదాంట్లో కెచప్ సీసాయే ఉండదు. 1983లో వచ్చిన ఒక పోలీసు సినిమాలో, హత్యలూ శవాలూ చూసి చలించని కథానాయకుడు, హాట్ డాగ్ మీద కెచప్ వేయడం చూస్తే మాత్రం తట్టుకోలేనంటాడు. అమెరికాలో ఈ సాసేజ్ వ్యాపారుల మండలి ఒకటుంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు హాట్ డాగ్ మీద కెచప్ వేసుకోకూడదని వాళ్లు సరదాగా మర్యాద సూత్రాలు రాశారు. షికాగో నుంచే దేశాధ్యక్షుడైన బరాక్ ఒబామా 2016లో ఒక టీవీ ముఖాముఖిలో ఆ వయసును ఇంకా తగ్గించాడు. ఎనిమిదేళ్లు దాటాక అది తగదన్నాడు.

కారణం అడిగితే, కెచప్ తీపి, అది మిగతా రుచులన్నిటినీ కప్పేస్తుంది అంటారు. అందులో కొంత నిజముంది. 20వ శతాబ్దం మొదట్లో రసాయనాలు లేకుండా కెచప్ నిలవ ఉండేందుకు హైన్జ్ కంపెనీ పండిన టమాటాలతోపాటు వెనిగర్, చక్కెర పాళ్లు పెంచింది. తీపి అలా స్థిరపడింది. కాని ఆ చిలకపచ్చ తొక్కు మాత్రం తీపి కాదా? అదీ తీపే. కాబట్టి కారణం ఒక్క నాలుకది కాదని నా అభిప్రాయం. ఇది మా ఊరి పద్ధతి, పరాయివాడెవడో తేల్చుకోవడానికి ఇదొక గుర్తు. మా మేనత్త చారులో బెల్లాన్ని పట్టుకున్నట్టే ఇది కూడా. 2017లో హైన్జ్ కంపెనీ ఒక తమాషా చేసింది. అదే కెచప్‌ను వేరే సీసాలో పోసి, షికాగో డాగ్ సాస్ అని పేరు మార్చి ఆ ఊరివాళ్ల ముందు పెట్టింది. పుల్లటి క్యాబేజీకి పేరు మార్చినట్టే.

అన్నట్టు, కెచప్ కూడా అమెరికాలో పుట్టింది కాదు. ఆ మాట చైనా దక్షిణ తీరపు భాషలో చేపలు ఊరబెట్టిన రసానికి పేరు. మలయా ఓడరేవుల మీదుగా ఇంగ్లీషువాళ్ల నోట పడింది. వాళ్లు పుట్టగొడుగులతో, అక్రోటు కాయలతో చేసుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో దానిలో టమాటా చేరింది. షికాగోవాళ్లు వెలివేసిన కెచప్‌ను ఐస్‌లాండ్ దేశంలో మర్యాదగా వేస్తారు. అక్కడ గొర్రె మాంసం ఎక్కువగా ఉన్న సాసేజ్ మీద కెచప్, తీపి ఆవాల ముద్ద, పచ్చి ఉల్లి, వేయించిన ఉల్లి, మరో తెల్లని సాస్ అన్నీ పడాలి. 'ఒకటి, అన్నీ వేసి' అని అడగడమే అక్కడి వాడుక. 2004లో అక్కడికి వెళ్లిన బిల్ క్లింటన్ ఆవాల ముద్ద ఒక్కటే చాలన్నాడు. అంత సాదాగా తినేదానికి ఆ కొట్టు దగ్గర ఆయన పేరే పెట్టేశారు.

డెట్రాయిట్ సంగతి వేరు. కార్ల ఫ్యాక్టరీల ఊరు. అక్కడ గ్రీసు నుంచి వచ్చిన కెరోస్ అనే ఆయన 1917లో ఒక కొట్టు తెరిచాడు. దానికి పెట్టిన పేరు అమెరికన్ కోనీ ఐలండ్. డెట్రాయిట్‌కూ ఆ సముద్రపు ఒడ్డుకూ వెయ్యి కిలోమీటర్ల దాకా దూరం. కాని ఆ రోజుల్లో గ్రీసు, మాసిడోనియా పల్లెల నుంచి, ముఖ్యంగా 1912-13 బాల్కన్ యుద్ధాల అలజడి నుంచి తప్పుకుని వచ్చినవాళ్లు న్యూయార్కు రేవులోనే దిగేవాళ్లు. అమెరికా తిండి అంటే ఏమిటో కోనీ ఐలండ్ పేరుతోనే విన్నారు. అదే పేరు లోపలి ఊళ్లకు తీసుకుపోయారు. మనం బెంగుళూరు వంకాయ అంటాం చూడండి. అది మెక్సికో పక్క కాయ, బెంగుళూరులో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. అలాగన్నమాట.

ఆ గ్రీకుల కొట్లో సాసేజ్ మీద వేసేది ఖీమా. మాంసాన్ని పొడిపొడిగా కొట్టి, కారం, జీలకర్ర, తమ ఇళ్ల మసాలా వేసి జారుగా ఉడికించిన కూర. దాని మీద ఆవాల ముద్ద, పైన గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు. సిన్సినాటి నగరంలో ఇలాంటి కూరనే 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన కిరాజియెఫ్ సోదరులు దాల్చినచెక్క వాసనతో వండారు. గ్రీసులో వెతికితే ఇలాంటి తిండి దొరకదు. అప్పటి అమెరికన్ ఇళ్లలోనూ లేదు. వచ్చినవాళ్లకూ ఉన్నవాళ్లకూ మధ్య పుట్టింది. డెట్రాయిట్‌లో కెరోస్ కొట్టు పక్కనే గోడకు గోడ ఆనుకుని ఆయన సోదరుడిది ఇంకో కొట్టు, లఫాయెట్ అని వెలసింది. తినేది ఒకటే అయినా, ఆ ఊళ్లో మేము ఫలానా గోడవైపువాళ్లం అని కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి. పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలోనైతే ఒకే రాష్ట్రం నడుమ ఒక కనపడని గీత ఉంది. దక్షిణాన హాట్ డాగ్ మీద పచ్చి క్యాబేజీ తరుగు పడాలి, ఉత్తరాన పడకూడదు.

గీత అన్నాను గనక, మీకు చెప్పాలని నేను మొదటినుంచీ దాచుకున్న ఊరి దగ్గరికి వస్తాను. అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే నగరం. మెక్సికో సరిహద్దుకు సుమారు 100 కిలోమీటర్లు. ఎడారి ప్రాంతం, వేసవిలో మన రాయచూరు ఎండ దానికి చాలదు. ఈ టూసాన్ 1853 దాకా మెక్సికో దేశపు సొనోరా ప్రాంతంలో భాగం. ఆ సంవత్సరం చివర్లో అమెరికా, మెక్సికో ఒక ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి ఏడు కోటి డాలర్లు చేతులు మారాయి. టూసాన్‌తో సహా పెద్ద నేల అమెరికాలో కలిసింది. ఊళ్లోవాళ్లు ఎక్కడికీ కదలలేదు. పొద్దున లేచి అదే బావిలో నీళ్లు తోడుకున్నారు. గీతే వాళ్లను దాటి దక్షిణానికి పోయింది.

ఈ కథ మీకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో చేరినప్పుడు బరంపురంలో తెలుగు ఇళ్లు ఉన్నచోటనే ఉన్నాయి. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరుకు పోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చినప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు. హోసూరు తమిళనాట ఉండిపోయింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల కింద ఉండి, ఇప్పుడు చుట్టూ ఆంధ్ర ఉన్నా పుదుచ్చేరిది. మనం వలస పోయినవాళ్లం కొందరం, కదలకుండానే అవతలివాళ్లమైనవాళ్లం కొందరం.

టూసాన్‌లో హాట్ డాగ్‌ను సొనోరా పద్ధతిలో చేస్తారు. ఈ పద్ధతి సరిహద్దు అవతల, ఎర్మోసియో నగరం వీధుల్లో పేరుపడి ఇవతలికి వచ్చింది. సాసేజ్‌కు పలచని పంది మాంసపు పట్టీ చుట్టి పెనం మీద కాలుస్తారు. బన్ను కాదు, మెక్సికోవాళ్ల మెత్తని రొట్టె. దాని రెండు చివరలూ మూసి ఉంటాయి, పడవలా. అందులో ఉడికించిన పింటో చిక్కుడు గింజలు, టమాటా, ఉల్లిపాయ, మయొనేజ్, ఆవాల ముద్ద, పచ్చిమిరపకాయల సాస్. పక్కన కాల్చిన పచ్చిమిరపకాయ ఒకటి. వడా పావ్ పక్కన పెట్టినట్టే.

జర్మన్ల సాసేజ్, మెక్సికో గింజలు, మన పసుపు కలిసిన ఆవాల ముద్ద. ఉత్తరాదివాళ్లు చూసి ఇదేం హాట్ డాగ్ అన్నారు. మెక్సికో లోపలి ఊళ్లవాళ్లు చూసి ఇదేం మెక్సికో వంట అన్నారు. అటూ కాదు, ఇటూ కాదు. టూసాన్ మెక్సికన్ ఇళ్లవాళ్లు మాత్రం దాన్ని మా తిండి అన్నారు. 1993లో ఆ ఊళ్లో చిన్న బండిగా మొదలైన ఎల్ గ్వేరో కనేలో అనే కొట్టుకు 2018లో జేమ్స్ బియర్డ్ పురస్కారం ఇచ్చారు. అమెరికాలో వంట మనుషులకు అదే అన్నిటికన్నా పెద్ద గౌరవం. పైగా ఇచ్చిన విభాగం పేరు 'అమెరికా క్లాసిక్స్'. అమెరికాకు తరతరాల ఆస్తి అనదగ్గ వంటశాలలకు ఇచ్చేది. ఆ వార్త చదివిన రోజు నాకు మా అమ్మ చారు గుర్తొచ్చింది. మా మేనత్త మాటకు మా అమ్మ నవ్వి ఊరుకోవడం ఓడిపోవడం కాదని అప్పుడు అనిపించింది. ఆవిడకు తన చారు ఎవరిదో తెలుసు. బెల్లం వేసిందీ ఆవిడే. ఆ చిటికెడు బెల్లం నేర్పింది పక్కింటి కన్నడావిడ. ఆ పక్కింటావిడకు ఆవకాయ పెట్టడం నేర్పింది మా అమ్మ.

ఆవకాయ అంటే గుర్తొచ్చింది. మా తమ్ముడి కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్లు మాంసం తినరు. అక్కడ సోయాతో చేసిన శాకాహారపు సాసేజ్‌లు దొరుకుతాయి, వేసవి సెలవుల్లో ఇరుగుపొరుగు పెరట్లో కుంపట్లు పెట్టి కాల్చుకుంటూ ఉంటే వీళ్లూ అవే కాల్చుకుంటారు. "దాని మీద ఏం వేస్తావమ్మా?" అని అడిగాను. "ఆవకాయ గుజ్జు, పెదనాన్నా" అంది. నేను నవ్వాను. "నవ్వకండి. అందులో ఆవపిండి ఉందా? కారం ఉందా? ఊరిన కాయ ఉందా? వాళ్లు మూడు సీసాల్లోంచి వేసుకునేది నేను ఒక్క జాడీలోంచి వేసుకుంటున్నాను, అంతే" అంది. కాదనడానికి నాకేమీ దొరకలేదు.

"మరి పిల్లవాడికి?" అన్నాను. "వాడికి ఆవకాయ కారం. కెచప్ తప్ప ఇంకేదీ వద్దంటాడు" అంది. వాడికి ఇప్పుడు ఏడేళ్లు. ఒబామా లెక్క ప్రకారం ఇంకో ఏడాది గడువుంది.